శవం ఎవరిది?

విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ అన్న బోర్డును మీలో చాలామంది స్కూలు బస్సు కిటికీలోంచి రోజూ చూస్తారు. ఎర్రమట్టి నేల, లారీలు, ప్రహరీల వెనక షెడ్లు. విద్యాసాగర్ అంటే ఫ్యాక్టరీ యజమాని పేరనుకునే పిల్లలు ప్రతి ఏడూ మా తరగతిలో ఒకరిద్దరు ఉంటారు. అందులో తప్పేమీ లేదు. బదిలీ మీద వచ్చిన ఊళ్ళో బోర్డుల మీది పేర్లు మనకు మొదట పేర్లుగానే పరిచయమవుతాయి, మనుషులుగా తర్వాత.

ఈశ్వరచంద్ర విద్యాసాగర్ 1820లో వీరసింహ గ్రామంలో పుట్టారు. బెంగాలీలు బీర్‌సింఘా అంటారు. ఆ ఊరు మన ఖరగ్‌పూర్ ఉన్న పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనే ఉంది. వితంతు వివాహాల కోసం పోరాడినవారిగా మీ సాంఘిక శాస్త్రం పుస్తకంలో ఆయన కనిపిస్తారు. మీ బెంగాలీ స్నేహితులు అక్షరాలు దిద్దుకున్న 'వర్ణపరిచయ్' కూడా ఆయనదే, 1855 నాటిది. దానికి ఎనిమిదేళ్ళ ముందు, 1847లో, ఆయన అచ్చువేసిన బెంగాలీ వచన పుస్తకం ఒకటి ఉంది. దాని పేరు 'బేతాళ పంచవింశతి'. అవును, మన బేతాళ కథలే. ఫోర్ట్ విలియం కాలేజీలో బెంగాలీ నేర్చుకునే ఇంగ్లిషు ఉద్యోగుల కోసం, హిందీ 'బైతాల్ పచ్చీసీ' ఆధారంగా రాశారు. వాళ్ళూ బదిలీ ఉద్యోగులేనని మీరు గమనించాలి. పరాయి భాష నేర్పడానికి ఆయన వ్యాకరణం బదులు దయ్యం కథలు ఎంచుకున్నారంటే, ఉపాధ్యాయులుగా మాకు ఆయన మీద గౌరవం పెరుగుతుంది.

ఈసారి మన పాఠం డిటెక్టివ్ నవల గురించి. హత్య, పరిశోధన, చివరికి హంతకుడు. పిల్లలకు ఇవెందుకని ఒక తండ్రిగారు మమ్మల్ని మర్యాదగానే అడిగారు. మా జవాబు ఇది: తెలుగును కూడబలుక్కుంటూ చదివే పిల్ల కూడా హంతకుడెవరో తెలుసుకోవడానికి పేజీ తిప్పుతుంది. శతకం కోసం తిప్పదు. ముందు పేజీ తిప్పనివ్వండి, శతకం దగ్గరికి మేము తీసుకెళ్తాం. అయితే ఈ పాఠంలో మేము చూపాలనుకున్నది హంతకుణ్ణి కాదు, కథ చెప్పే మనిషిని. హత్య గురించి ఎవరు చెబుతున్నారు, ఎప్పుడు చెబుతున్నారు, ఏది దాస్తున్నారు అన్నదే డిటెక్టివ్ నవల పని అంతా.

బేతాళ కథలు చదువుతుండగా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "మేడం, అన్ని కథలు చెప్పింది కదా, అసలు ఆ శవం ఎవరిది?" అని అడిగింది. తరగతంతా నవ్వారు. మేము నవ్వలేదు. డిటెక్టివ్ ఇనస్పెక్టర్ అడిగే మొదటి ప్రశ్న అదే. చందమామలో ఏళ్ళ తరబడి విక్రమార్కుడు ఆ శవాన్ని భుజాన వేసుకుని నడిచాడు. మూల కథలు ఇరవయ్యయిదు అయిపోయాక కొత్తవి కల్పించి మరీ నడిపించారు. చివర సరైన జవాబు చెప్పగానే మౌనభంగమై శవం మళ్ళీ చెట్టెక్కేది. నెలనెలా రావలసిన శీర్షిక కదా, కథ ముగిస్తే శీర్షికే పోతుంది. అందువల్ల మూడు తరాల తెలుగు పిల్లలు చిక్కు ప్రశ్నలన్నీ చదివారు గాని, వాటన్నిటినీ మోస్తున్న పెద్ద కథ ముగింపు ఆ పేజీల్లో చూడలేదు.

ఆ ముగింపు పాత పుస్తకాల్లో ఉంది. విచిత్రమేమంటే రెండు విధాలుగా ఉంది.

పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన సంస్కృత 'కథాసరిత్సాగరం' ఒక విధం. అందులో భిక్షువు ఒకడు రోజూ రాజుకు ఒక పండు కానుకగా ఇస్తాడు. రాజు దాన్ని భాండాగారంలో పడేయిస్తాడు. ఒకనాడు కోతి చేతిలో పండు చితికి లోపలినుంచి రత్నం బయటపడుతుంది. అప్పుడు పిలిచి అడిగితే, శ్మశానంలో మంత్రసాధనకు ఒక వీరుడి సాయం కావాలి, ఫలానా చెట్టుకు వేలాడే శవాన్ని తెచ్చిపెట్టమంటాడు. రాజు వెళ్తాడు. బేతాళుడు కథలు చెబుతాడు. ఆఖరి కథ దాకా రాజుకు గాని మనకు గాని అసలు సంగతి తెలియదు. అప్పుడు బేతాళుడు చెబుతాడు: ఆ భిక్షువు బలి ఇవ్వబోయేది నిన్నే. సాష్టాంగపడమంటాడు. నేను రాజును, నాకు తెలియదు, ఎలాగో నువ్వు చేసి చూపించు అను. వాడు వంగినప్పుడు వాడి తల నరుకు. రాజు అలాగే చేస్తాడు.

రెండో విధం హిందీ బైతాల్ పచ్చీసీలో ఉంది. ఇక్కడ రహస్యం మొదట్లోనే బయటపెట్టేస్తారు. నగరానికి కావలి ఉన్న దేవుడొకడు విక్రముడితో అంటాడు: ఒకే ఊళ్ళో ఒకే నక్షత్రంలో ముగ్గురు పుట్టారు. ఒకడు రాజు ఇంట, ఒకడు నూనె గానుగ ఇంట, ఒకడు కుమ్మరి ఇంట. కుమ్మరి ఇంట పుట్టినవాడు యోగి అయి, గానుగవాడిని చంపి చెట్టుకు వేలాడదీశాడు. ఇక నిన్ను చంపాలని చూస్తున్నాడు. జాగ్రత్త.

ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇదీ. శవం గానుగవాడిది. హత్యకు గురైనవాడు. వాడి దేహంలోంచే కథలు వస్తున్నాయి. తర్వాత చంపబడవలసినవాడి భుజం మీద కూర్చుని వస్తున్నాయి. ఈ సంగతి తెలిశాక బేతాళ కథల్ని మళ్ళీ చదవండి. వేరే పుస్తకంలా ఉంటాయి.

రెండు పద్ధతుల్లో ఏది మంచిదని తరగతిలో వాదించుకున్నాం. చాలామంది సోమదేవుడి వైపే ఉన్నారు. రహస్యం చివర తెలియడంలో మజా ఉంది కదా. మేము మాత్రం హిందీ కథ వైపు కొంచెం మొగ్గుతాం. అందులో రాజుకు అపాయం తెలుసు, మాట ఇచ్చాడు గనుక వెళ్తున్నాడు. కథ వినే ప్రతి నిమిషమూ మనకు భయంగానే ఉంటుంది. మొదటి పద్ధతిలో 'ఎవరు' అన్న కుతూహలం నడిపిస్తుంది. రెండో పద్ధతిలో 'ఏమవుతుందో' అన్న ఆదుర్దా నడిపిస్తుంది. పరీక్షలో ఈ తేడా అడిగితే రెండు మార్కులు. చదవడంలో దాని విలువ ఇంకా ఎక్కువ.

సోమదేవుడి పుస్తకం మొదట్లో ఇంకో కేసు ఉంది. అందులో చచ్చేది మనిషి కాదు, పుస్తకం. గుణాఢ్యుడు శాతవాహన రాజు ఆస్థానంలో పండితుడు. జలక్రీడలో రాణి సంస్కృతంలో 'నీళ్ళు చల్లకు' అంటే, సంధి తెలియని రాజు అది మోదకాలు తెమ్మన్నట్టు వినిపించి లడ్డూలు తెప్పించాడు. అందరూ నవ్వారు. సిగ్గుపడ్డ రాజు వ్యాకరణం నేర్చుకోవాలనుకున్నాడు. గుణాఢ్యుడు ఆరేళ్ళు పడుతుందన్నాడు. శర్వవర్మ ఆరు నెలలు చాలన్నాడు. నువ్వు అలా నేర్పగలిగితే సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదిలేస్తానని గుణాఢ్యుడు పందెం కాశాడు. ఓడిపోయాడు. ఆరు నెలల ట్యూషన్ వాళ్ళు అప్పుడూ ఉండేవారన్నమాట.

మాట పోయిన ఆ మనిషి వింధ్య అడవుల్లోకి వెళ్ళి, నాలుగో భాష, పైశాచి, నేర్చుకున్నాడు. ఏడేళ్ళు కూర్చుని ఏడు లక్షల శ్లోకాల బృహత్కథ రాశాడు. సిరా దొరక్క నెత్తుటితో రాశాడని కథ. రాజు దాన్ని చూసి, పిశాచాల భాషలో నెత్తుటి రాతలా అని తోసేశాడు. గుణాఢ్యుడు కొండ మీద మంట వేసి, ఒక్కో ఆకు చదివి వినిపిస్తూ మంటలో వేయసాగాడు. అడవి జంతువులు మేత మాని చుట్టూ చేరి విన్నాయి.

ఇక్కడినుంచి పరిశోధన మొదలవుతుంది. రాజుకు జబ్బు చేసింది. ఎండిన మాంసం తినడం వల్లనని వైద్యులు తేల్చారు. వంటవాళ్ళను అడిగితే వేటగాళ్ళు ఇలాంటిదే తెస్తున్నారన్నారు. వేటగాళ్ళను అడిగితే, కొండ మీద ఒక బ్రాహ్మణుడు ఏదో చదివి తగలబెడుతున్నాడు, మృగాలు మేయకుండా వింటున్నాయి, అందుకే చిక్కిపోయాయన్నారు. రాజు పరుగెత్తుకుని వెళ్ళేసరికి ఆరు లక్షలు బూడిదయ్యాయి. ఒక లక్ష మిగిలింది. పళ్ళెంలో మాంసం ఎండిపోయిందన్న ఒక్క ఆధారంతో మొదలై, ఒకరి సాక్ష్యం మరొకరి దగ్గరికి తీసుకెళ్తూ, అడవిలో కాలిపోతున్న కథ దగ్గరికి చేరడం చూడండి. ఇంత చక్కని పరిశోధన మేము చాలా డిటెక్టివ్ నవలల్లో చదవలేదు. నిజంగా కూడా ఆ మిగిలిన లక్ష మనకు దక్కలేదు. పైశాచి బృహత్కథ ఎక్కడా దొరకలేదు. సోమదేవుడు, క్షేమేంద్రుడు, బుధస్వామి సంస్కృతంలో తిరిగి చెప్పినవే ఉన్నాయి.

ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, పుస్తకంలో ఇంగ్లిషు, గోల్‌బజార్‌లో బెంగాలీ మాట్లాడే మీకు గుణాఢ్యుడు వింతగా అనిపించనక్కరలేదు. ఆయన మూడు వదిలి నాలుగోది పట్టుకున్నాడు. మీలో కొందరు నాలుగూ పట్టుకుని ఏ ఒక్క దానిలోనూ ఒక పేజీ కథ రాయలేకపోతున్నారు. ఇది దెప్పడం కాదు, మా ఉద్యోగంలో రోజూ చూసే సంగతి.

ఇక మన కాలానికి దగ్గరగా వద్దాం. మీ అమ్మానాన్నలు చిన్నప్పుడు దూరదర్శన్‌లో 'బ్యోమకేశ్ బక్షీ' చూసే ఉంటారు. 1993లో బాసు చటర్జీ తీసిన సీరియల్ అది. ఆ కథలు రాసినవారు శరదిందు బందోపాధ్యాయ్. 1932లో మొదలుపెట్టి, మధ్యలో చాలా ఏళ్ళు ఆపి, మళ్ళీ రాశారు. బ్యోమకేశ్‌కు డిటెక్టివ్ అన్న మాట నచ్చదు. తనను సత్యాన్వేషి అనమంటాడు. అతని పక్కన ఉండే అజిత్ రచయిత. వాళ్ళిద్దరూ కలిసిన కథలో బ్యోమకేశ్ దొంగపేరుతో కలకత్తాలో ఒక మెస్‌లో చేరి అజిత్ గదిలోనే ఉంటాడు. అంటే కథ చెప్పే మనిషి పక్క మంచం మీదివాడి పేరు కూడా తెలియకుండానే కథలోకి వచ్చాడు. తనకు తెలిసినంతే చెబుతాడు. పాఠకుడికి అజిత్ కళ్ళే కళ్ళు. అతను పొరబడితే మనమూ పొరబడతాం.

ఇంత పని చేసిన అజిత్‌ను 1960ల చివర్లో 'వేణీసంహార్' కథ మొదట్లో రచయిత సెలవిచ్చి పంపించారు. కారణం సరదాగా చెప్పారు: అజిత్ భాష పాతబడింది, లోకమంతా వాడుక భాషలో రాస్తుంటే ఇతను ఇంకా పాత క్రియారూపాలే పట్టుకు వేలాడుతున్నాడు. బెంగాలీలో సాధు భాష, చలిత భాష అని రెండున్నాయి. మనకు గ్రాంథికం, వ్యావహారికం లాగ. గిడుగు రామమూర్తి పంతులుగారు శ్రీకాకుళం ప్రాంతంనుంచి చేసిన వాదం మీరు ఎనిమిదో తరగతిలో విన్నారు. ఆ వాదం బెంగాలులో ఒక డిటెక్టివ్ కథలోకి వచ్చి, కథ చెప్పేవాడి ఉద్యోగం తీసేసింది! తెలుగు చెప్పుకునే మాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. వేణీసంహారమన్న పేరు భట్టనారాయణుడి సంస్కృత నాటకానిదని కూడా గుర్తుపెట్టుకోండి. శరదిందుకు ఈ సరదా ఉంది. చివరి కథకు 'బిశుపాల్ వధ' అని పేరు పెట్టారు. మాఘుడి శిశుపాలవధ మీద చమత్కారం. ఒక నాటకం ఆడుతుండగా రంగస్థలం మీదే నటుడు చనిపోతాడు.

ఆ కథ సగంలో ఉండగా 1970 సెప్టెంబరులో శరదిందు మరణించారు. హంతకుడెవరో ఆయన రాసి పెట్టలేదు. తర్వాత నారాయణ్ సన్యాల్ అనే రచయిత దాన్ని పూర్తి చేశారు. సరిగ్గా నూరేళ్ళ క్రితం, 1870 జూన్‌లో, ఇంగ్లండులో చార్లెస్ డికెన్స్ కూడా ఇలాగే 'ఎడ్విన్ డ్రూడ్' రహస్యాన్ని సగంలో వదిలి వెళ్ళిపోయారు. ఇప్పటికీ జనం దానికి ముగింపులు రాస్తూనే ఉన్నారు.

సగంలో ఆగిన కథ బాధ మీకు చెప్పనక్కరలేదు. కిందటేడు ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు తెలుగు డిటెక్టివ్ నవల సగంలో ఉండగా వాళ్ళ నాన్నగారికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. టీసీ కావాలంటే లైబ్రరీ నో డ్యూస్ సంతకం ఉండాలి, సంతకం కావాలంటే పుస్తకం తిరిగి ఇవ్వాలి. "హంతకుడెవరో చెప్పేయండి మేడం" అని స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడ్డాడు. మేము చెప్పలేదు. సామాన్లు లారీ ఎక్కాయి, వాడూ రైలెక్కాడు. తరగతిలో నలుగురు పిల్లలు చివరి మూడు అధ్యాయాలు వంతులవారీగా చేత్తో ఎత్తిరాసి కొత్త ఊరికి పోస్టు చేశారు. ఒత్తులు తప్పాయి, ఒక చోట వాక్యమే ఎగిరిపోయింది. ఆ ఎగిరిపోయిన వాక్యంలోనే ఆధారం ఉంది. పది రోజులకు వాడి ఉత్తరం వచ్చింది: "ఇన్‌స్పెక్టర్‌కి ఎలా తెలిసిందో అర్థం కాలేదు. మీరు ఏదో వదిలేశారు." దాన్ని తరగతిలో చదివి వినిపించాం. ఎత్తిరాసిన నలుగురిలో ఎవరు వదిలారన్న దాని మీద ఒక పీరియడంతా పరిశోధన జరిగింది. చేతిరాత పట్టించేసింది.

తెలుగులో ఈ నవలల చరిత్రకు బెంగాలుతో పాత సంబంధమే ఉంది. గత శతాబ్దం మొదట్లో బెంగాలీ పరిశోధక నవలలు తెలుగులోకి అనువాదమై వచ్చేవి. 1950లనుంచి కొమ్మూరి సాంబశివరావుగారు డిటెక్టివ్ యుగంధర్‌ను, అసిస్టెంట్ రాజును ఇంటింటికీ పరిచయం చేశారు. మీ తాతగారిని అడగండి, యుగంధర్ పేరు చెప్పగానే ముఖం ఎలా మారుతుందో చూడండి. అద్దె పుస్తకాల షాపుల్లో ఆ నవలలు చేతులు మారి మారి చివరి పేజీలు ఊడిపోయేవి. ఊడిన చోట హంతకుడి పేరు పెన్సిలుతో రాసిపెట్టే పుణ్యాత్ములుండేవారు. మొదటి పేజీలోనే రాసిపెట్టే పాపాత్ములూ ఉండేవారు.

ఇక్కడ మా అభ్యంతరం ఒకటి చెప్పాలి. చాలా డిటెక్టివ్ నవలల్లో చచ్చిపోయిన మనిషి కోసం ఎవరూ ఏడవరు. మొదటి అధ్యాయంలో పడి ఉంటాడు, రెండో అధ్యాయానికి వస్తువైపోతాడు. చేతి గడియారం ఆగిన సమయం, గోళ్ళ కింద దుమ్ము, అంతే. బేతాళ కథ ఆ విషయంలో మెరుగు. అక్కడ శవానికి నోరుంది. ఆ అమ్మాయి అడిగినట్టు 'ఎవరు చంపారు' కంటే ముందు 'ఎవరిది' అని అడగడం మంచి పాఠకురాలి లక్షణం.

మరొక్క సంగతి. 1926లో ఇంగ్లిషులో ఒక నవల వచ్చింది. రాసినావిడ అగాథా క్రిస్టీ. పేరు చెబితే మీ చదువు పాడవుతుంది గనుక చెప్పం. అందులో కథ చెప్పే మనిషి ఒక్క అబద్ధమూ ఆడడు. కొన్ని నిమిషాల సంగతి మాత్రం చెప్పకుండా దాటేస్తాడు. అప్పట్లో పాఠకులు మోసం అని గోల చేశారు. మోసం కాదని మా అభిప్రాయం, ఎందుకంటే ఆ ఖాళీ పేజీ మీదే కనిపిస్తూ ఉంటుంది, వెతికేవాళ్ళకు. కొత్త బడిలో మొదటి రోజు మీ గురించి చెప్పమన్నప్పుడు మీరూ కొన్ని నిమిషాలు దాటేస్తారు కదా. పాత ఊళ్ళో ఫెయిలైన లెక్కల పరీక్ష, ప్రాణ స్నేహితుడితో మాట్లాడకుండానే రైలెక్కడం. చెప్పకపోవడం మీ హక్కు. కథ చెప్పే ప్రతి మనిషికీ అలాంటి ఖాళీ ఒకటి ఉంటుందని తెలిస్తే చాలు, చదివేటప్పుడు పనికొస్తుంది.

ఇక అభ్యాసం. బేతాళుడి ఆఖరి కథ అడుగుజాడల కథ. ఒక రాణి, ఆమె కూతురు రాజ్యం పోయి అడవిలో పారిపోతున్నారు. ఒక దొరా అతని కొడుకూ వాళ్ళ అడుగుజాడలు చూశారు. ఒక జత పెద్దవి, ఒక జత చిన్నవి. పెద్ద పాదాలు తల్లివి, చిన్నవి కూతురివి అనుకుని, పెద్ద పాదాల ఆమెను తండ్రి, చిన్న పాదాల ఆమెను కొడుకు పెళ్ళాడాలని ఒట్టు పెట్టుకున్నారు. తీరా చూస్తే పెద్ద పాదాలు కూతురివి. ఒట్టు ఒట్టే గనుక తండ్రి కూతురినీ, కొడుకు తల్లినీ పెళ్ళాడారు. రెండు జంటలకూ ఒక్కో కొడుకు పుట్టాడు. ఆ ఇద్దరు పిల్లలూ ఒకరికొకరు ఏమవుతారు? విక్రమార్కుడంతటివాడు ఇక్కడే నోరు మెదపలేకపోయాడు. అందుకే శవం చెట్టెక్కలేదు.

ఇంగ్లిషులో అంకుల్ అని రాస్తే ఇద్దరికీ సరిపోతుంది. తెలుగులో అలా కుదరదు, తండ్రి వైపా తల్లి వైపా తేలాలి. కాగితం మీద నాలుగు పేర్లు వేసి గీతలు గీయండి. వరుసలు తెలియకపోతే ఊళ్ళో ఉన్న అమ్మమ్మకు ఫోన్ చేసి అడగండి. జవాబు తెలుగులో, రెండు వాక్యాలకు తగ్గకుండా, వచ్చే శనివారం లోగా స్టాఫ్ రూములో మా బల్ల మీద పెట్టండి. ఇప్పటికే బదిలీ అయిపోయినవాళ్ళు పోస్టులో పంపవచ్చు.